కరవు సీమకు వచ్చిన పరదేశి: ఫాదర్ విన్సెంట్ ఫెర్రర్ జీవితము

శతవార్షికోత్సవ సంచికలలో మనము మన మిషనరీలను, తొలి పాస్టర్లను, బైబిలు స్త్రీలను జ్ఞాపకము చేసికొనుట పరిపాటి. అది న్యాయమే. అయితే ఈ వ్యాసము మన డయోసిస్‌కు చెందని ఒక వ్యక్తిని గురించినది. ఆయన కథోలిక గురువుగా మన దేశమునకు వచ్చి, తరువాత ఆ గురుత్వమును కూడ విడిచిపెట్టిన మనిషి. మన వేదికల మీద ప్రసంగించినవారు కారు. అయినను హిందూపురము నుండి పెనుకొండ, ధర్మవరము మీదుగా అనంతపురమునకు రైలు పోవు దారిలో ఏ స్టేషనులో దిగి అడిగినను ఫాదర్ ఫెర్రర్ గారి పేరు తెలియనివారు అరుదు. మన విశ్వాసుల ఇండ్లలోనూ ఆయన నెలకొల్పిన ఆసుపత్రి మెట్లు ఎక్కి దిగినవారు ఉన్నారు. పేరు తెలిసినంతగా ఆయన కథ మనవారికి తెలియదు. అందుచేత వ్రాయుచున్నాను.

మొదట ఒక చిన్న సంగతి. విన్సెంట్ ఫెర్రర్ అను పేరుతో స్పెయిను దేశములో ఒక పాత కాలపు పరిశుద్ధుడు ఉన్నాడు. ఆయన 1350లో వలెన్సియా పట్టణములో జన్మించిన ప్రసంగీకుడు. మన ఫాదర్ గారు వేరు. పేరు ఒక్కటగుట వలన కొందరు పొరబడుచుందురు గనుక చెప్పుచున్నాను.

విన్సెంట్ ఫెర్రర్ గారు 1920 ఏప్రిల్ 9న స్పెయిను దేశములోని బార్సెలోనా నగరములో ఒక సామాన్య కుటుంబములో జన్మించారు. ఆయన యౌవనము బడిలోను గుడిలోను గడిచినది కాదు. 1936లో స్పెయినులో అంతర్యుద్ధము పుట్టినది. అప్పటికి ఆయనకు పదహారేండ్లు. కార్మికుల పక్షమున నిలిచిన ఒక మార్క్సిస్టు పార్టీలో చేరారు. 1938లో, ఇంకను మీసము సరిగా రాని పిల్లలను సహితము సైన్యమునకు పిలిచినప్పుడు, ఆయనను ఎబ్రో నది యొద్ద జరిగిన యుద్ధమునకు పంపారు. ఆ యుద్ధము నాలుగు నెలలు సాగినది. రిపబ్లికు పక్షము ఓడినది. ఓడిన సైన్యముతో కలిసి చలికాలములో కాలినడకన సరిహద్దు దాటి ఫ్రాన్సు చేరుకొన్నారు. అక్కడ ఆర్జెలెస్ అను సముద్రతీరపు శిబిరములో, ఇసుక మీద, ముండ్ల తీగెల మధ్య వేలాది శరణార్థులతో బాటు ఉన్నారు. తిరిగి స్పెయినుకు పోయినప్పుడు గెలిచినవారి చెరలో పడి, కొంతకాలము గలీషియా ప్రాంతపు బెతాన్సోస్ శిబిరములో గడిపారు.

ఈ భాగమును నేను కొంచెము నిదానించి చెప్పుటకు కారణమున్నది. తరువాతి కాలములో ఆయనను చూచినవారు, తెల్లని దొర, చదువుకొన్న ఫాదరు, పేదరికము ఎరుగనివాడు అని తలంచి ఉండవచ్చును. కాని ఇరువది ఏండ్లు నిండకమునుపే ఆయన ఆకలిని, ఓటమిని, నిలువ నీడ లేని బ్రదుకును, కాపలావాని తుపాకి నీడను చూచి వచ్చినవారు. పరాయి దేశపు శిబిరములో రొట్టె ముక్క కొరకు వరుసలో నిలిచినవానికి, కరవు పని యొద్ద గంజి కొరకు వరుసలో నిలిచిన కూలీని చూచినప్పుడు కలుగు తలంపు వేరుగా ఉండును.

యుద్ధము ముగిసిన తరువాత న్యాయశాస్త్రము చదువ నారంభించారు గాని అది విడిచి 1944లో యేసు సభలో చేరారు. అనగా జెసూట్ గురువుల సభ. ఆ సభ ఆయనను మన దేశమునకు పంపినది. 1952 ఫిబ్రవరిలో ఓడ దిగి బొంబాయిలో అడుగుపెట్టారు. కొన్నేండ్లకు మహారాష్ట్రలోని నాసిక్ జిల్లా మన్మాడు చేరారు. మన్మాడు అనగా రైలు ప్రయాణీకులకు పెద్ద జంక్షను. ఆ జంక్షను చుట్టు ఉన్న పల్లెలు మాత్రము మన మడకశిర, కల్యాణదుర్గము పల్లెల వంటివే. వాన నమ్మకము లేదు, బావి లేదు, అప్పు తప్పదు.

ఆయన అక్కడ చేసిన పని చూడుటకు చాల సులువైనది. బావి త్రవ్వుకొను రైతుకు గోధుమలు, నూనె ఇచ్చుట, మోటారు కొనుటకు వడ్డీ లేని అప్పు ఇచ్చుట, పంట వచ్చినప్పుడు ఆ సొమ్ము తిరిగి కట్టించుకొని మరియొక రైతుకు ఇచ్చుట. ధర్మము కాదు, వ్యాపారమును కాదు. రైతు తన చేతులతో బావి త్రవ్వుకొనవలెను, నీరు పడినప్పుడు ఆ బావి వానిది. కాని ఈ చిన్న పని వలన ఊరి లెక్క మారినది. నీరు వచ్చిన రైతు షావుకారు యొద్దకు పోవుట తగ్గినది. కూలి కొరకు భూస్వామి గుమ్మము ముందు తెల్లవారకముందే నిలుచుట తగ్గినది. దీనితో విరోధము పుట్టినది. ఆయన మతములో కలుపుటకు వచ్చాడని కొందరు, రాజకీయము చేయుచున్నాడని మరికొందరు ఫిర్యాదులు పంపారు. 1968లో ఆయన దేశము విడిచి పోవలెనని ఉత్తర్వు వచ్చినది.

చదువరులారా, ఆ తరువాత జరిగినది మన దేశ చరిత్రలో తరచు కనబడు సంగతి కాదు. ఒక పరదేశిని పంపవద్దని, ఏ పార్టీ జెండా లేకుండ, పల్లెల నుండి రైతులు బయలుదేరారు. దాదాపు 30,000 మంది మన్మాడు నుండి బొంబాయి వరకు దాదాపు 250 కిలోమీటర్లు నడిచారు. వారిలో అత్యధికులు హిందువులు. మతమార్పిడి ఆరోపణకు ఆ నడకయే జవాబు అయినది. మేధావులు, రాజకీయ నాయకులు, క్రైస్తవ పెద్దలు కూడ ఆయన పక్షమున మాటలాడారు. ప్రధానమంత్రి ఇందిరాగాంధి గారు మధ్యేమార్గము ఒకటి కనిపెట్టారు. ఆయన కొద్దికాలము సెలవు మీద స్వదేశము వెళ్లి రావచ్చునని, తిరిగి వచ్చుటకు ఆటంకము లేదని ఏర్పాటు చేశారు. ఉత్తర్వు ఇచ్చినవారికి మాట పోలేదు, ఆయనకు దారి మూసుకొనలేదు.

ఈ కాలముననే ఆనీ పెర్రీ గారు ఆయన జీవితములోనికి వచ్చారు. ఆమె ఇంగ్లండు దేశస్థురాలు. బొంబాయిలో కరెంట్ అను వారపత్రికలో పని చేయుచు, వెళ్లగొట్టబడుచున్న ఈ గురువును గురించి వ్రాయుటకు మన్మాడు పోయారు. వ్రాసి ఊరకుండలేదు. పత్రిక ఉద్యోగము మాని ఉద్యమములో చేరి, పిమ్మట ఆయనతో అనంతపురము వచ్చారు.

1969లో ఆయన తిరిగి వచ్చినప్పుడు మహారాష్ట్రలో చోటు లేదు. ఇతర రాష్ట్రములు వెనుదీసిన సమయమున ఆంధ్రప్రదేశ్ ఆయనను రానిచ్చినది. అప్పుడు ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానందరెడ్డి గారు. చోటు దొరికినది అనంతపురము జిల్లాలో. దేశములో అతి తక్కువ వాన పడు జిల్లాలలో ఇది ఒకటి. సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు. అదియును అదనుకు పడదు. నేటి శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడువరకు హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఈ అనంతపురము జిల్లాలోనివే. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరవు జ్ఞాపకము ఇంకను మన ముసలివారి మాటలలో సామెతగా ఉన్నది. రాయల కాలములో పెనుకొండ రాజధానిగా వెలిగినది. ఆ కొండ క్రింది పల్లెలలో 1969 నాటికి త్రాగునీటికి కడవ పట్టుకొని మైలు నడచుట సాధారణము. ఎవరైనను కావలెనని కోరి వచ్చు చోటు కాదు. కాని మన్మాడులో నేర్చిన పనికి ఇంతకన్న తగిన చోటు లేదు.

1969లోనే రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు స్థాపించబడినది. దానినే మన ప్రజలు ఆర్.డి.టి. అందురు. 1970లో ఆయన యేసు సభను విడిచి ఆనీ గారిని వివాహము చేసికొన్నారు. ఇది అప్పుడు పెద్ద కలకలము. కథోలిక పెద్దలకు ఇది నొప్పి కలిగించినది, అది సహజము. మన ప్రొటెస్టెంటు సంఘములలో పాస్టరుగారు సంసారి అగుట వింత కాదు గనుక మనకు అంత పట్టింపు లేకపోయినను, మనవారు సహితము మరియొక ప్రశ్న వేసేవారు. సువార్త చెప్పని సేవ ఏమి సేవ అని. ఆయన ప్రార్థన కూటములు పెట్టలేదు, బాప్తిస్మములు ఇప్పించలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్లు, మతము ఊసు లేకుండ పని చేశారు. ఈ విషయములో మన సంఘములలో రెండు అభిప్రాయములు ఉన్నవి, ఇకమీదట కూడ ఉండును. నా అభిప్రాయము మాత్రము చెప్పెదను. మన్మాడులో ఏ ఆరోపణ మీద ఆయనను పంపివేసిరో, ఆ ఆరోపణకు అనంతపురములో తావు ఇచ్చియుంటే మొదటి సంవత్సరములోనే గుడారము ఎత్తవలసి వచ్చేది. అప్పుడు బావులును లేవు, ఆసుపత్రులును లేవు. బోధ మానుకొనుట ఆయనకు తేలిక అని నేను అనుకొనను. గురుత్వము కొరకు ఏండ్ల తరబడి కష్టపడినవాడు దానిని విడుచుట తేలికగా చేయడు.

మొదటి సంవత్సరములు కష్టముగానే గడిచినవి. ఇక్కడను అనుమానించినవారు ఉన్నారు. పరదేశికి ఇక్కడ ఏమి పని అని అడిగినవారు ఉన్నారు. పని మాత్రము పాత పద్ధతిలోనే మొదలైనది. బావి, చెక్‌డ్యాము, చెట్లు, బడి. షెడ్యూల్డు కులముల, తెగల వాడలలో మొదట బడి పెట్టారు. పగలు కూలికి, గొర్రెల వెంట పోవు పిల్లలకు సాయంత్రపు బడి. ఇండ్లు కట్టించినప్పుడు వాటిని ఇల్లాలి పేర వ్రాయించుట ఆర్.డి.టి. వారి నియమము. ఈ ఒక్క నియమము మీద ఒక పుస్తకము వ్రాయవచ్చును. త్రాగి ఇంటికి వచ్చి భార్యను వీధిలోనికి నెట్టు మగవాడు, ఇల్లు ఆమె పేర ఉన్నదని తెలిసిన తరువాత కొంచెము ఆలోచించును.

ఇక ఆరోగ్యము సంగతి. దీనిని గురించియే ముఖ్యముగా చెప్పదలచితిని.

మన ప్రాంతములో వైద్యము అనగా చాలకాలము దూరప్రయాణము. లండన్ మిషనువారు పందొమ్మిదవ శతాబ్దపు చివర కడప జిల్లా జమ్మలమడుగులో ఆసుపత్రి పెట్టారు. క్యాంబెల్ ఆసుపత్రి అని దానికి పేరు. ఐడా స్కడర్ అమ్మగారు వేలూరులో పెట్టిన ఆసుపత్రి ఉన్నది. హిందూపురమువారికి బెంగుళూరు దగ్గర. ధర్మవరమువారికి అనంతపురము. పట్టణములో ఉన్నవారికి ఈ మాట సరే. రొద్దము ప్రక్కన ఒక పల్లెలో రాత్రి పన్నెండు గంటలకు పురిటినొప్పులు వచ్చిన స్త్రీకి ఈ పేర్లు ఏవియు పనికిరావు. ఎద్దుల బండి దొరకవలెను, దారిలో వంక పొంగకుండవలెను, బస్సు ఆగు చోటికి తెల్లవారులోపు చేరవలెను. చేరిన తరువాత చేతిలో డబ్బు ఉండవలెను.

రోగము కన్న రోగపు అప్పు మనవారిని ఎక్కువగా చంపినది. ఇది అతిశయోక్తి కాదు. ఇంటిలో ఒకరు పడకపడితే ఇద్దరి కూలి పోవును, పడినవారిది, ప్రక్కన కూర్చున్నవారిది. బస్సు ఖర్చు, తిండి ఖర్చు, మందుల చీటి. మొదట మేక పోవును, తరువాత చెవి కమ్మలు కుదువకు పోవును, ఆ తరువాత పొలము గుత్తకు పోవును. రోగి బ్రదికి ఇంటికి వచ్చునప్పటికి ఇల్లు బ్రదుకుట కష్టము. అందుచేత పేదవారు ఒక లెక్క వేసికొందురు. ముసలితల్లికి అయితే వేచి చూతము, ఆడపిల్లకు అయితే నాటుమందు ఇత్తము. ఈ లెక్క వేయు తండ్రి దుర్మార్గుడు కాడు. ఆ లెక్క వేయవలసిన స్థితియే దుర్మార్గము.

ధర్మవరము నేతగాళ్ల సంగతి ఇంకొక విధము. పట్టు చీరెకు పేరుపడ్డ ఊరు. మగ్గపు గుంటలో కాళ్లు పెట్టుకొని, చాలీచాలని వెలుగులో, గాలి ఆడని గదిలో పొద్దంతయు వంగి కూర్చుండువానికి నడుము నొప్పి, కంటి జబ్బు, క్షయ దగ్గర చుట్టములు. చీరె పెండ్లికూతురు మీద మెరయును, నేసినవాని దగ్గు మగ్గపు చప్పుడులో వినబడదు. కూలి మగ్గము మానుకొని ఆసుపత్రికి పోతే ఆ దినపు తిండి లేదు.

ఫాదర్ ఫెర్రర్ గారును ఆనీ గారును పట్టణములో పెద్ద భవనము కట్టి రోగుల కొరకు ఎదురుచూడలేదు. పల్లెలోనే ఒక స్త్రీని ఎన్నుకొని ఆరోగ్య కార్యకర్తగా తరిఫీదు ఇచ్చుట మొదట చేశారు. ఆమె డాక్టరు కాదు, నర్సు కాదు. ఆమె అదే వాడలో ఉండును, ఎవరి ఇంటిలో కడుపుతో ఉన్నారో, ఎవరి బిడ్డ బరువు పెరుగుట లేదో ఆమెకు చెప్పనవసరము లేదు. విరేచనములు పట్టిన బిడ్డకు ఉప్పు చక్కెర కలిపిన నీరు పట్టుట, టీకాల దినమున తల్లులను పిలుచుకొని వచ్చుట, కష్టకాన్పు అని తోచినప్పుడు ఆలస్యము చేయకుండ పంపుట ఆమె పని. గర్భిణీలకు, బాలింతలకు, పిల్లలకు పోషకాహార కేంద్రములు నడిపారు. ఈ పద్ధతి ప్రపంచములో వారు ఒక్కరే కనిపెట్టినది కాదు. 1978లో సోవియట్ దేశపు ఆల్మా ఆటా నగరములో లోకమంతటి ప్రభుత్వములు కూడి, వైద్యము పల్లె గడప నుండి ప్రారంభము కావలెనని తీర్మానించినవి. 2000వ సంవత్సరమునకు అందరికీ ఆరోగ్యము అని గడువు కూడ పెట్టుకొన్నారు. గడువు గడిచిపోయినది. లోకము తీర్మానము వ్రాసి మరచినది, అనంతపురములో కొన్ని వందల పల్లెలలో పని మాత్రము జరిగినది.

వికలాంగుల విషయములో వారు చేసినది నాకు అన్నిటికన్న గొప్పగా తోచును. మన పల్లెలలో కుంటివాడు, గ్రుడ్డివాడు, మూగది అని అవిటితనముతోనే పిలుచు అలవాటు నిన్న మొన్నటిది. పోలియో వచ్చిన బిడ్డను ఇంటి వెనుక గదిలో ఉంచి, చుట్టాలు వచ్చినప్పుడు తలుపు వేయుట ఎరుగుదుము. ఆర్.డి.టి. వారు వికలాంగులకు సంఘములు పెట్టించారు. స్త్రీల సంఘముల వలె వారును నెలకొకసారి కూర్చుండి, పొదుపు కట్టి, తమలో తాము అప్పులు ఇచ్చుకొని, పింఛను కొరకు, ధ్రువపత్రము కొరకు మండల కార్యాలయమునకు కలిసి పోవుట నేర్చుకొన్నారు. ఒక్కడు పోతే రేపు రమ్మందురు. ముప్పదిమంది చక్రాల బండ్లతో, చంక కర్రలతో పోతే ఆ గుమాస్తా కుర్చీ చూపవలసినదే.

ఆసుపత్రులు తరువాత వచ్చినవి. కల్యాణదుర్గము, కనేకల్లు, బత్తలపల్లి. వీటిలో మన ప్రాంతమునకు దగ్గరది బత్తలపల్లి. ధర్మవరము నుండి కొద్ది దూరములో, అనంతపురము కదిరి రోడ్డు మీద ఉన్న ఊరు. ఒకప్పుడు బస్సు మారుటకు దిగు ఊరు. అక్కడ వందల పడకల ఆసుపత్రి లేచినది. కాన్పులు, పిల్లల వైద్యము, శస్త్రచికిత్సలు, అంటురోగముల విభాగము. పట్టణమును వెదకి పల్లెవాడు పోవలసిన ఆచారమునకు ఇది తలక్రిందు. ధర్మవరము పట్టణమువారే పల్లెకు పోయి వైద్యము చేయించుకొనుట చూచితిమి.

అంటురోగముల విభాగమును గురించి ఒక మాట చెప్పక తప్పదు. హెచ్.ఐ.వి. మన రాష్ట్రములో వేగముగా వ్యాపించిన దినములవి. వలస పోయిన కూలీలు, లారీ డ్రైవర్లు, వారి భార్యలు, ఏ పాపము ఎరుగని పసిబిడ్డలు. ఆ రోగము ఉన్నదని తెలిసినవానిని ఇంటివారే వేరే కంచములో తినమన్నారు. చనిపోయినప్పుడు మోయుటకు నలుగురు రాలేదు. క్రీస్తు కుష్ఠరోగిని ముట్టెనని ఆదివారము చదివి, సోమవారము ఈ రోగి బల్ల మీద కూర్చున్నాడని జరిగి కూర్చున్నవారు సంఘములలోను లేకపోలేదు. బత్తలపల్లిలో వారిని పడక మీద పడుకోబెట్టి, ముట్టి, మందు ఇచ్చారు. హెచ్.ఐ.వి.తో బాటు క్షయ కూడ వచ్చిన రోగులు అక్కడ చాలమంది. 2004 నుండి ప్రభుత్వము ఉచితముగా మందులు ఇయ్య నారంభించిన తరువాత ఆ ఆసుపత్రి ఈ జిల్లాలో ఆ రోగులకు ముఖ్యమైన ఆశ్రయమైనది. అక్కడి డాక్టర్లు తమ రోగుల అనుభవమును క్రోడీకరించి ప్రచురించిన పరిశోధనలను విదేశములలో సహితము వైద్యులు చదివారు. కరవు సీమలోని ఒక పల్లె ఆసుపత్రి పేరు వైద్య పత్రికలలో కనబడుట చిన్న సంగతి కాదు. ఫాదర్ గారి అనంతరము, 2020లో కోవిడ్ వచ్చినప్పుడు కూడ ఈ ఆసుపత్రి కోవిడ్ రోగులకు తలుపులు తెరచినది.

ఇంతవరకు మెచ్చుకొన్నాను. ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. ఇదంతయు హక్కా, దానమా?

ట్రస్టు ఖర్చులో అధిక భాగము స్పెయిను దేశపు సామాన్య కుటుంబముల నుండి వచ్చినది. అక్కడ ఒక్కొక్క ఇల్లు ఇక్కడి ఒక్కొక్క బిడ్డ పేరున నెలనెల కొంత పంపును. దీని కొరకు 1996లో బార్సెలోనాలో ఆయన పేర ఒక ఫౌండేషను కూడ ఏర్పడినది. 1998లో స్పెయిను వారు ఆయనకు ప్రిన్స్ ఆఫ్ ఆస్టురియాస్ బహుమానము ఇచ్చారు. ఒకప్పుడు ఓడి చెరలో పడ్డ యువకుని ఆ దేశమే పిలిచి సన్మానించినది. సంతోషమే. కాని దూరదేశపు దాతల దయ మీద నడుచు వైద్యము ఎంతకాలము నడుచును అని అడుగువారు అప్పుడు ఉన్నారు, తరువాతను ఉన్నారు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. దాత ఇచ్చినది తిరిగి తీసికొనవచ్చును. హక్కును ఎవరును తీసికొనలేరు, కోర్టులో నిలిచి అడుగవచ్చును.

మన రాజ్యాంగము 47వ అధికరణములో ప్రజల పోషణను, ఆరోగ్యమును పెంపొందించుట ప్రభుత్వపు ప్రథమ కర్తవ్యములలో ఒకటి అని వ్రాయబడియున్నది. చాలకాలము అది కాగితము మీది మాట. 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పినది. పశ్చిమ బెంగాలులో రైలు నుండి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని కలకత్తాలో ఒక ఆసుపత్రి తరువాత ఒక ఆసుపత్రి పడక లేదని త్రిప్పి పంపినవి. అతని కూలీ సంఘము కోర్టుకు పోయినది. అత్యవసర చికిత్స నిరాకరించుట జీవించు హక్కును భంగపరచుటయే అని కోర్టు తేల్చి, అతనికి నష్టపరిహారము ఇప్పించినది. ఆ తీర్పును తెచ్చినది డాక్టర్లు కారు, పెద్దమనుషులు కారు, కూలీల సంఘము. ఇది గమనింపదగినది.

సంఘముల మాట వచ్చినది గనుక పెనుకొండను విడువరాదు. ఆ ఊరు కేంద్రముగా యంగ్ ఇండియా ప్రాజెక్టు అను సంస్థ వ్యవసాయ కూలీలను సంఘములుగా కూర్చి, కనీస కూలి కొరకు, ప్రభుత్వ పథకములు అందుట కొరకు పోరాడుట నేర్పినది. వారిది నిలదీసి అడుగు మార్గము. ఫెర్రర్ గారిది పని చేసి చూపు మార్గము. రెండు మార్గములవారికి ఒకరి మీద ఒకరికి విమర్శ ఉండుట సహజము. నాకు తోచినది ఏమనగా, ఒక్కసారియైనను మర్యాదగా వైద్యము పొందినవాడు, రెండవసారి ప్రభుత్వ ఆసుపత్రిలో అవమానము జరిగితే ఊరకుండడు. ఇట్లు ఉండవచ్చునని వాడు కన్నులార చూచినాడు గనుక. నెలనెల సంఘములో కూర్చుండి లెక్క చెప్పించుకొనిన స్త్రీ, పంచాయతీలోను లెక్క అడుగును. 2007 ఏప్రిల్‌లో పేదలకు పెద్ద జబ్బుల చికిత్స ప్రభుత్వ ఖర్చుతో చేయించు ఆరోగ్యశ్రీ పథకమును రాష్ట్రములో మొట్టమొదట మూడు వెనుకబడిన జిల్లాలలో ప్రారంభించారు. శ్రీకాకుళము, మహబూబ్‌నగరము, అనంతపురము. దానిని ఫెర్రర్ గారి వలన వచ్చినదని చెప్పుట సరికాదు, అది ప్రభుత్వపు నిర్ణయము. అయితే పత్రము పట్టుకొని ఆసుపత్రి కౌంటరు ముందు నిలిచి ఇది నాకు రావలసినది అని అడుగగల స్త్రీలు ఈ జిల్లా పల్లెలలో అప్పటికే ఉన్నారు.

ఆయన ఎట్టి మనిషి అని పిన్నలు అడుగుదురు. సన్నని పొడుగాటి మనిషి, వెండ్రుకలు నెరసినను నడకలో చురుకు తగ్గలేదు. తెలుగు ధారాళముగా మాటలాడినవారు కారు. అది ఆనీ గారికి వచ్చినంతగా ఆయనకు రాలేదని చెప్పుదురు. ఆయనకు ముగ్గురు పిల్లలు, అనంతపురములోనే పెరిగారు. కుమారుడు మోంచో గారి తెలుగు వింటే మన సీమ యాసయే. ఒకప్పుడు దేశము విడిచి పొమ్మన్న మనిషి నలుబది ఏండ్లు ఒకే జిల్లాలో ఉండిపోయారు. వేరే జిల్లాలకు పొమ్మని ఆశలు చూపినవారు లేకపోలేదేమో గాని, ఆయన కదలలేదు.

2009 మార్చిలో ఆయనకు పక్షవాతము వచ్చినది. తిరిగి కోలుకొనలేదు. జూన్ 19న, ఎనుబది తొమ్మిదవ ఏట, అనంతపురములో కన్నుమూశారు. ట్రస్టు పనిని ఆనీ గారును మోంచో గారును తలకెత్తుకొన్నారు. భౌతికకాయమును స్పెయినుకు పంపలేదు. ఆసుపత్రి ఉన్న బత్తలపల్లిలోనే సమాధి చేశారు. చూచుటకు జిల్లా నలుమూలల నుండి వేలాది జనము వచ్చినది. లారీలలో, ట్రాక్టర్లలో, నడిచి. గుడికి పోవువారు, మసీదుకు పోవువారు, మన దేవాలయములకు వచ్చువారు అందరును ఒకే వరుసలో నిలిచారు. చంక కర్రలతో వచ్చినవారికి త్రోవ వదిలారు. జూన్ మాసము మన సీమలో వేరుశనగ విత్తు అదను. తడి ఆరితే ఆ సంవత్సరము పంట లేనట్లే. ఆ అదనులో గొర్రు ప్రక్కన పెట్టి, కూలి మానుకొని వచ్చినవారు వారిలో ఎక్కువమంది.